పది వేళ్ళు, డెబ్బై మూడు కిలోమీటర్లు

జూన్ 11, శనివారం

చెక్‌పోస్టు దగ్గర క్లచ్ పట్టుకోలేకపోయాను. పట్టుకున్నాననే అనుకున్నాను. వేళ్ళు నావే, లీవరు మీదే ఉన్నాయి, కాని లీవరు కదల్లేదు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. ఎదురుగా నిలబడ్డ సరిహద్దు పోలీసు పక్కకు దూకాడు. కాగితాలు చూపించమన్నాడు. జేబు గుండీ విప్పడానికి వేళ్ళు రాలేదు. అతనే విప్పి, అతనే తీసి, అతనే చూసుకుని, మళ్ళీ అతనే పెట్టి గుండీ వేశాడు. బడికి వెళ్ళే పిల్లాడికి చొక్కా తొడిగినట్టు.

ఈ కొండల మీద జూన్ అంటే నడి చలికాలం. ఈ చలిలో ఎక్కడికి తాతా అన్నాడు. నమిలే కోక ఆకు కొనడానికన్నాను. మీ ఆబ్రా పంపాలో ఆకు దొరకదా అన్నాడు. దొరుకుతుంది. సరిహద్దు ఊరు లా కియాకాలో ఆకు మంచిది. ఇరవై రెండు శనివారాలుగా ఇదే చెబుతున్నాను, ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు.

పదింటికి దెల్ఫీనా ఇంట్లో ఉన్నాను. వచ్చిన పని ఎలాగూ ఆకు కొనడమే కాబట్టి, దారిలోనే కాబట్టి, గంటా రెండు గంటలు చదివి పెడతాను. ఆమె రెండు కళ్ళకూ పొర కమ్మింది. కిటికీ కనిపిస్తుందట, కిటికీకి అడ్డం వస్తే నేను నల్లగా కనిపిస్తానట. ఆపరేషన్ ఆగస్టులో అంటున్నారు, పోయిన ఆగస్టులోనూ అలాగే అన్నారు. పంతొమ్మిదేళ్ళ క్రితం మా కాపురం ముగించి ఆమె నన్ను ఇంట్లోంచి పంపేసిన నాడు ఆ లావుపాటి నవలలో మూడు వందల పన్నెండో పేజీలో ఉన్నాం. ఈ జనవరిలో మూడు వందల పదమూడు నుంచి మొదలుపెట్టాం.

ఈరోజు పేజీ ఒకటి తిప్పబోతే మూడు తిరిగాయి. ఆమె వినికిడి మాత్రం కత్తి. పేజీలు తిప్పడం చేతకాకపోతే చెప్పు, ఫెర్మిన్ తొలాబా నాలుగిళ్ళ అవతలే ఉన్నాడంది.

ఫెర్మిన్ తొలాబా.

జూన్ 13

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు నా వేళ్ళు నొక్కి చూశాడు. తెల్లగా అయ్యాయి, తెల్లగానే ఉండిపోయాయి. కొర్దొబా నగరం నుంచి వచ్చినవాడు, ముప్పై ఏళ్ళుంటాయి. ఇలాగే తిరిగితే వేళ్ళు పోతాయన్నాడు. బండి అమ్మెయ్యమన్నాడు. బస్సు ఉందిగా అన్నాడు.

బస్సు ఉంది. రోజుకు ఎనిమిది ఉన్నాయి. ప్రతి బస్సులోనూ ఈ ఊరివాళ్ళు నలభై మంది ఉంటారు. నలభై మందికీ దెల్ఫీనా నన్ను ఎందుకు పంపేసిందో తెలుసు, ఒక్క నాకు తప్ప. ఆమె నలుగురిలో ఏ సంగతి చెప్పినా తారీఖులు తప్పు చెప్పేది. పెళ్ళి మంగళవారం అయితే గురువారం అనేది. నేను దిద్దేవాణ్ణి. దిద్దకపోతే అది అలాగే నిలిచిపోతుంది కదా. ఇందులో నేరమేముంది?

ఇరవై ఎనిమిదేళ్ళు రైల్వే కార్మికుల గ్రంథాలయం నడిపాను. ఒక్క కార్డు తప్పు పెట్టలేదు.

జూన్ 14

పక్కింటి సబీనా వీల్తే బండ్లు బాగుచేస్తుంది. తండ్రి షెడ్డు, తండ్రి పనిముట్లు, నోరు మాత్రం సొంతం. నా చేతులు చూసి, చచ్చిన కోడి కాళ్ళలా ఉన్నాయంది.

లామా ఊలు చేతి తొడుగులు వేసుకుంటే లీవరు దొరకదు. సన్నవి వేసుకుంటే చలి ఆగదు. నూనె డబ్బా కోసి హ్యాండిల్‌కు అడ్డం కట్టుకుంటే గాలి ఆగుతుంది, చలి ఆగదు. ఇవన్నీ తనే చెప్పి, తనే కొట్టేసి, చివరికి పై అర మీంచి దుమ్ము పట్టిన పెట్టె దించింది. వేడి గ్రిప్పులు. హ్యాండిల్‌కు రెండు వైపులా తొడగాలి, లోపల తీగ ఉంటుంది, బ్యాటరీతో వేడెక్కుతుంది. గనిలో ఇంజనీరు ఎవరో తెప్పించుకుని, తీసుకోకుండానే బదిలీ అయి వెళ్ళిపోయాడట.

నేను వద్దన్నాను. ఇస్త్రీ పెట్టెలు పట్టుకుని బండి నడిపే వయసు కాదన్నాను.

"ఇస్త్రీ చేయాల్సిన వయసే, దోన్ ఎలాదియో," అంది.

జూన్ 15

బండి మీద వెళ్ళేవాడు ఛాతీ దగ్గర కోటు కింద వార్తాపత్రిక పెట్టుకోవాలి, గాలి ఆగుతుంది. నేను ఫెర్మిన్ తొలాబా వారం వారం వ్యాసం రాసే పత్రికే పెట్టుకుంటాను. అతని వ్యాసం ఉన్న పేజీ చర్మానికి ఆనేలా. చదవడానికి పనికిరాదు, వెచ్చగా ఉంటుంది.

గ్రంథాలయం ఉద్యోగానికి నేను దరఖాస్తు పెట్టినప్పుడు స్కూలు తరఫున సిఫారసు రాసింది ఇతనే. ‘ఈయన మనుషుల కంటే పుస్తకాలను బాగా చూసుకుంటాడు’ అని రాశాడు. నాకు ఉద్యోగం ఇచ్చారు. అయినా ఆ వాక్యం నేను మర్చిపోలేదు.

జూన్ 18, శనివారం

చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని వెళ్ళాను. మూడుసార్లు దిగి ఇంజను మీద చేతులు పెట్టుకున్నాను. ఎండెక్కాక బయల్దేరవచ్చుగా అంటారు తెలియనివాళ్ళు. ఎండెక్కితే గాలి లేస్తుంది, గాలి లేస్తే ఈ రోడ్డు మీద లారీలే పక్కకు నడుస్తాయి.

గంటా పది నిమిషాలు ఆలస్యం.

దెల్ఫీనా కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నేను పది నుంచి ఈ గోడ వంక చూస్తూ కూర్చున్నాను, ఎలాదియో. గోడ కూడా కనపడదు నాకు. వచ్చే శనివారం పదింటికి నువ్వు లేకపోతే ఫెర్మిన్‌ను పిలుస్తాను. పిలిచాక మళ్ళీ మార్చను. నాకు అటూ ఇటూ తిరగడం ఇష్టం లేదు."

సరే అన్నాను. పుస్తకం ఎవరు చదివితే ఏముంది, పుస్తకం అదే కదా. ఆమెకు కాలక్షేపం. నాకు ఆకు ఎలాగూ దొరుకుతుంది.

ఆకు కొనడం మర్చిపోయాను.

జూన్ 19

నిద్ర పట్టలేదు. చలి వల్ల.

జూన్ 20

సబీనా దగ్గర పెట్టె తీసుకున్నాను. బిగించడానికి వస్తానంది, అక్కర్లేదన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు పుస్తకాలు బైండింగు చేసిన చేతులు, రెండు రబ్బరు ముక్కలు తొడగలేవా?

సూచనల కాగితం ఎవరు రాశారో గాని ముందు వాణ్ణి బడికి పంపాలి. మూడో అంశం రెండో అంశానికి వ్యతిరేకం. ఎనిమిదోది లేనే లేదు. అంతా సరిచేసి శుభ్రంగా తిరగరాశాను. దానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ తర్వాత పాత గ్రిప్పులు కత్తితో చీల్చి తీశాను, కొత్తవి జిగురు రాసి తొడిగాను. చాలా అందంగా వచ్చింది.

జూన్ 21

చిన్న పొరపాటు. బండి కొంచెం ముందుకు వెళ్ళింది.

జూన్ 22

ఆరు టైర్లు, ఒక కోళ్ళ గూడు. కోళ్ళకు ఏమీ కాలేదు. నాకు మోకాలు గీసుకుపోయింది.

యాక్సిలరేటర్ వైపు గ్రిప్పు చేత్తో పాటు తిరగాలి, దాంతో పాటు దాని తీగా తిరగాలి. నేను తీగను బిగుతుగా, చక్కగా, బ్రేకు లీవరు పక్కనుంచి లాగి కట్టాను. తిప్పాను, తిరిగింది. వదిలాను, వెనక్కి రాలేదు. తీగ బ్రేకు మూలలో ఇరుక్కుంది. బండి సబీనా షెడ్డులోకి నేను ఎన్నడూ వెళ్ళనంత వేగంగా వెళ్ళింది. తాళం తిప్పి ఆపాలని గుర్తొచ్చేసరికి టైర్లలో ఉన్నాను.

సబీనా వచ్చి ముందు ఇంజను చూసింది, తర్వాత కోళ్ళను చూసింది, తర్వాత నన్ను.

"రోడ్డు మీద లారీ వెనక జరిగి ఉంటే, లారీవాడికి నేను ఏం సమాధానం చెప్పేదాన్ని?"

నేను సూచనల ప్రకారమే చేశానన్నాను. ఎవరు రాసిన సూచనలు అంది. నేనే తిరగరాశానని చెప్పలేదు.

రోజంతా పని చేసింది. అడ్డం రావద్దని చెప్పి నన్ను డబ్బా మీద కూర్చోబెట్టింది, దీపం పట్టుకోమంది. కుడి గ్రిప్పు పీకేసి, దాని కింది ప్లాస్టిక్ గొట్టం మీది గట్లు ఆకురాయితో అరగదీసింది. తీగకు వేలెడు వదులు ఇచ్చి, చివరిదాకా తిప్పి, వదిలి, మళ్ళీ తిప్పి, ముప్పైసార్లు చూసింది. ఎడమది ఎందుకు చల్లగానే ఉందని అడిగాను. ఎడమ గ్రిప్పు నేరుగా ఇనప హ్యాండిల్ మీద కూర్చుంటుంది, ఇనుము వేడినంతా తాగేస్తుంది. అందుకని మధ్యలో గుడ్డ టేపు రెండు చుట్లు చుట్టి తొడిగింది. కరెంటు తాళం గుండా వచ్చేలా, దారిలో ఫ్యూజు ఉండేలా కలిపింది. స్విచ్చి ఎడమ చేతి బొటనవేలికి అందేలా పెట్టింది. మూడు మెట్లు వేడి.

ఒప్పుకోవాలి, చేతులు తెలిసిన మనిషి. ఇది ఆమెకు చెప్పలేదు.

జూన్ 23

వేడెక్కాయి.

ఊరి చివరి ఉప్పు గోదాం దాకా వెళ్ళి వచ్చాను. సున్నాకు తొమ్మిది కింద ఉంది. మొదటి మెట్టులో ఏమీ తెలియలేదు. రెండో మెట్టులో అరచేతుల్లోకి మెల్లగా వచ్చింది, ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు. మూడో మెట్టులో వేళ్ళ చివర్లు మంట పుట్టాయి, సూదులు గుచ్చినట్టు. ఆ నొప్పికి రోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వాను. వేళ్ళు ఉన్నాయి. పదీ ఉన్నాయి.

సాయంత్రం సబీనా తియ్యటి వైను సీసా తెచ్చింది. కొత్త వస్తువు బండికి పెట్టాం, పచమామకు తాగించకుండా రోడ్డెక్కకూడదంది. ఈ ఊళ్ళో కుక్కర్ కొన్నా, లారీ కొన్నా అంతే. ముందు భూమి తల్లికి, తర్వాత వస్తువుకు, తర్వాత మనకు. ఆమెకు అరగంట చెప్పాను. విద్యుత్తు అంటే ఏమిటి, నిరోధం వల్ల తీగ ఎందుకు వేడెక్కుతుంది, ఇందులో భూమి పాత్ర ఎంత స్వల్పం, అన్నీ. ఆమె నా మాట అయిపోయేదాకా కూర్చుంది.

"మీరు చెప్పింది భూమి తల్లికి కూడా వినపడే ఉంటుంది లెండి," అని, సీసా గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది.

జూన్ 24

బండి తుడిచాను. కాసేపు దాని దగ్గర నిలబడ్డాను. సీసా గోడ మీద ఉంటే ఎవరైనా తన్నేస్తారని లోపల పెట్టాను. సగం ఉంది.

జూన్ 25, శనివారం, పొద్దున్న

స్విచ్చి పనిచేయడం లేదు. ఏ మెట్టూ లేదు. చైనా సరుకు. లేదా సబీనా టంకం. ఏదైనా కావచ్చు, ఎన్ని కారణాలు లేవు?

జూన్ 26, ఆదివారం

నిన్నటిది మొత్తం రాయాలి.

ఏడున్నరకు సబీనా తలుపు కొట్టాను. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంటూ వచ్చింది. స్విచ్చి మూత విప్పింది. లోపల చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వైపు చూసింది.

"ఎంత పోశారు?"

నేను ఏమీ పోయలేదన్నాను.

"మంచిదే. పోసేవాళ్ళయితే నేల మీద పోస్తారు, వస్తువు మీద నాలుగు చుక్కలు చిలకరిస్తారు. ఇక్కడెవరో పచమామకు విందు చేశారు."

తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక టైరు మీద కూర్చుంది. నవ్వుతూనే వైను జిగురు తుడవడానికి ప్రయత్నించింది, లోపలి రాగి రేకులు అంటుకుపోయి నల్లబడ్డాయి. నేను గోడ వంక చూస్తూ నిలబడ్డాను. ఈ సంగతి ఎవరికైనా చెబుతావా అని అడిగాను. ఎనిమిది బస్సులకూ చెబుతానంది.

టైము ఎనిమిదిన్నర. డెబ్బై మూడు కిలోమీటర్లు. పది దాటితే దెల్ఫీనా ఫెర్మిన్‌ను పిలుస్తుంది, పిలిచాక మార్చదు. ఈ మాట నేను సబీనాకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆకు సంగతి కూడా చెప్పబోయాను గాని ఆమె చేయి అడ్డం పెట్టింది. ఆకు గురించి ఊరందరికీ తెలుసు, మీరొక్కరే నమ్ముతున్నారంది.

స్విచ్చి పీకేసింది. రెండు తీగలూ నేరుగా కలిపేసింది.

"తాళం తిప్పితే పూర్తిగా కాలుతుంది, ఆపితే పూర్తిగా ఆగుతుంది. మధ్యలో ఇంకేమీ ఉండదు. అచ్చం మీలాగే. దారిలో ఎక్కడా ఆగకండి. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ఈ గ్రిప్పులు బ్యాటరీని తినేస్తాయి."

నేను థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పలేదనే అనుకుంటాను.

రోడ్డు మీద చేతులు కాలాయి. నిజంగా కాలాయి. మీసానికి మంచు పట్టింది, మోకాళ్ళు నావి కావు, అరచేతులు మాత్రం రొట్టెల పొయ్యిలో ఉన్నాయి. బ్రేకు ఎంత నొక్కానో తెలిసింది, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలిసింది. ఏదైనా తెలియడం ఇంత సంతోషమని నాకు ఎవరూ చెప్పలేదు. ఎన్నో పుస్తకాలు చదివాను.

చెక్‌పోస్టు దగ్గర తొమ్మిదీ నలభై. ముందు ఐదు లారీలు. ఇంజను ఆపలేదు. అదే పోలీసు వచ్చాడు. ఈసారి కాగితాలు నేనే తీశాను, గుండీ నేనే విప్పాను. అతను నా చేతులు చూశాడు, హ్యాండిల్ నుంచి వస్తున్న తీగ చూశాడు, చేతి తొడుగు తీసి గ్రిప్పు మీద అరచేయి పెట్టాడు. తీయలేదు. కాసేపటికి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత గుడిసెలోంచి ఇద్దరిని పిలిచాడు. ముగ్గురూ వంతులవారీగా పట్టుకున్నారు. పొద్దున్న నాలుగు నుంచి రోడ్డు మీద ఉన్నారట. నేను ఆలస్యమవుతోందన్నాను, ఒక్క నిమిషం తాతా అన్నారు. రెండోవాడు తుపాకీ భుజం మార్చుకుని మళ్ళీ వరసలో నిలబడ్డాడు. నా దగ్గర తిట్లు చాలా ఉన్నాయి, ఒక్కటీ రాలేదు. ఆ చేతులు నాకు తెలుసు.

బండి దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ నొక్కితే టిక్కుమంది. కిక్కు కొట్టాను, డెబ్బై రెండేళ్ళ కాలితో పదకొండుసార్లు. ముగ్గురూ కలిసి తోశారు. రెండొందల మీటర్లు తోశాక అందుకుంది. వెనక్కి చూడకుండా చెయ్యెత్తాను.

దెల్ఫీనా తలుపు తోసేసరికి పదీ యాభై. నా కుర్చీలో ఫెర్మిన్ తొలాబా. ఒళ్ళో నా పుస్తకం.

నేను గుమ్మంలోనే ఆగాను. లోపలికి అడుగు పెట్టే హక్కు ఉందో లేదో తెలియలేదు. దెల్ఫీనా తల తిప్పింది.

"ఎవరు?"

ఎలాదియో అన్నాను.

"చేతులు ఇలా ఇవ్వు."

ఇచ్చాను. రెండూ పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది, వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నట్టు. ఇన్ని శనివారాల్లో నా చేతులు పట్టుకోవడం ఇదే మొదటిసారి. పట్టుకోదగ్గట్టు ఉండటమూ ఇదే మొదటిసారి.

"వెచ్చగా ఉన్నాయి. బస్సులో వచ్చావా?"

లేదు, బండి మీదే అన్నాను.

"అదీ. మారిపోయావేమోనని ఒక్క క్షణం హడలిపోయాను."

పోలీసుల సంగతి చెప్పాను. వైను సంగతి చెప్పలేదు. ఆలస్యమైందని, ముందు అన్న మాట గుర్తుందని చెప్పాను. ఆమె వేడిగా మొక్కజొన్న జావ తెస్తానని గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే ఫెర్మిన్ నా చొక్కా చెయ్యి పట్టి లాగాడు. అతని మొహం చూస్తే నేను గెలవడానికి వచ్చినట్టు లేదు, రక్షించడానికి వచ్చినట్టు ఉంది.

"ఒరే ఎలాదియో, నీ పుణ్యముంటుంది, ఈ పుస్తకం తీసుకో. నాకు ఒక్క అక్షరం కనపడదురా."

ఎప్పటినుంచి అన్నాను.

"రెండేళ్ళు. పత్రికకు వ్యాసం మా కోడలికి చెప్పి రాయిస్తున్నాను. ఆమె పిలిస్తే రానని ఎలా చెప్పను? స్కూలు మాస్టర్ని."

మరి యాభై నిమిషాలు ఏం చదివావన్నాను.

"నోటికొచ్చింది చదివాను. నువ్వు వచ్చేస్తావని సాగదీశాను, సాగదీశాను, నువ్వు రాలేదు. చివరికి కెప్టెన్ చచ్చిపోయాడు."

కథలో ఆ పడవ కెప్టెన్‌కు జ్వరం రావడం దగ్గర పోయిన వారం ఆపాం. ఆ పుస్తకం నేను నాలుగుసార్లు చదివాను. కెప్టెన్ ఎనిమిది వందల నలభయ్యో పేజీ దాకా బతుకుతాడు. అతను లేకపోతే మిగిలిన నాలుగు వందల పేజీలు నడవవు.

ఫెర్మిన్ గురించి చెప్పాల్సిన వాక్యాలు నా దగ్గర ముప్పై ఏళ్ళుగా తయారుగా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎన్నిసార్లు దిద్దానో. ఇంతకంటే మంచి సమయం రాదు. దెల్ఫీనా కప్పులతో వచ్చి కూర్చుంది.

"ఫెర్మిన్ బడిలో హాజరు వేసినట్టు చదివాడు. రెండు మాటల మధ్య గొర్రెల మంద పట్టేంత ఖాళీ. నువ్వు చదువు, ఎలాదియో. ఇకమీదట నువ్వే చదువు, ఆలస్యమైతే అయింది. కెప్టెన్‌ను పూడ్చిపెట్టారా?"

ఫెర్మిన్ నేల వంక చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి.

పుస్తకం తెరిచాను. ఆ పేజీలో కెప్టెన్ గడ్డం గీసుకోవడానికి వేడి నీళ్ళు అడుగుతాడు. నేను చదివాను: "అందరూ చనిపోయాడనుకున్న కెప్టెన్ మూడో రోజు పొద్దున్న కళ్ళు తెరిచి, గడ్డం గీసుకోవడానికి వేడి నీళ్ళు అడిగాడు."

వేడి నీళ్ళు పుస్తకంలో ఉన్నాయి. దానికి ముందున్నది లేదు. నా జీవితంలో పుస్తకంలో లేని మాట పుస్తకంలోదని చదవడం ఇదే మొదలు. గొంతు వణకలేదు. ఆశ్చర్యం.

దెల్ఫీనా కప్పు కింద పెట్టింది.

"అలా రాశాడా?"

అలాగే ఉందన్నాను.

"బతికే ఉన్నాడన్నమాట," అంది. "మంచి పని చేశాడు. నాకు అతను పోవడం అస్సలు నచ్చలేదు."

"నాకూ నచ్చలేదు," అన్నాడు ఫెర్మిన్, చాలా మెల్లగా.

వెళ్తాడనుకున్నాను, వెళ్ళలేదు. గోడ పక్కనున్న స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పొమ్మని చెప్పాల్సింది. గాలి లేచేలోపు నేను బయల్దేరాలి కూడా. అయినా పన్నెండున్నర దాకా చదివాను. కెప్టెన్ గడ్డం గీసుకున్నాడు, వంటవాణ్ణి తిట్టాడు, పడవ మళ్ళీ కదిలింది. అవన్నీ పుస్తకంలో ఉన్నవే.